గోడెక్కిన ముగ్గు

నాలుగు నల్ల గీతలు. ఓ మూల పెద్ద ఎర్ర చదరం. ఇంకో మూల చిన్న నీలం ముక్క. కింద పిసరంత పసుపు. మిగతాదంతా తెలుపే. ముచ్చటపడి కొన్నారు, ఫ్రేము కట్టించి హాల్లో తగిలించారు. ఇక చూస్కోండి... వచ్చినవాళ్లది తలా ఒక మాట! 'టైల్స్ శాంపిలా?' అంటాడు బాబాయి. 'మా బుడ్డోడు స్కేలు పెట్టి గీసినా ఇంతకన్నా బాగా వస్తుంది' అంటుంది అత్తయ్య. 'ఇంతకీ ఇందులో ఏముంది?' అని అసలు ప్రశ్న వేసేది మాత్రం తాతయ్యే. కొన్నవాళ్లు నీళ్లు నములుతారు. బాగుందని కొన్నారే గానీ ఏం బాగుందో చెప్పమంటే వాళ్లకీ మాట రాదు. నెల తిరిగేసరికి ఆ బొమ్మ అటకెక్కుతుంది.

చెట్టూ పుట్టా, మనిషీ మానూ లేకుండా గీతలు, చదరాలు, త్రిభుజాలు, వృత్తాలతో వేసే ఈ బొమ్మల్ని జామెట్రిక్ ఆబ్‌స్ట్రాక్ట్ చిత్రాలంటారు. కొత్త అపార్టుమెంట్ల గోడల మీద, హోటళ్ల లాబీల్లో, ఆఫీసుల్లో ఇవి బాగానే కనిపిస్తున్నాయి. కాకపోతే చాలాచోట్ల సోఫా రంగుకు జోడీగా తెచ్చిపెట్టినవే. తగిలించిన వారానికి వాటివైపు ఎవరూ చూడరు. డబ్బు పెట్టి కొన్న బొమ్మకు అంతకంటే అన్యాయం ఏముంటుంది? నిజానికి ఇలాంటి బొమ్మను చూడటం మనకు చేతకాని విద్యేం కాదు. తరతరాలుగా వాకిట్లో చూస్తున్నదే!

అర్థం అడగని ముగ్గు

చుక్కల ముగ్గునే తీసుకోండి. ఏడు చుక్కలు, ఏడు వరుసలు. లేదంటే సందు చుక్కలు. వాటిని కలుపుతూ గీతలు, చుట్టూ తిప్పుతూ మెలికలు. నెమలో తామరపువ్వో ఉన్న ముగ్గులు సరే. ఏ బొమ్మా లేని మెలికల ముగ్గును చూసి 'ఇందులో ఏముంది?' అని ఎవరైనా అడుగుతారా? అడగరు. గీత ఎక్కడా తెగకుండా తిరిగొచ్చిందా, నాలుగు వైపులా సమంగా కుదిరిందా... ఇదే చూస్తారు. ఒక్క చుక్క తప్పినా వీధిలో నడిచేవాళ్లకు సైతం ఇట్టే తెలిసిపోతుంది. అంటే తూకం చూడటం, లయ పట్టుకోవడం మన కంటికి ఎప్పుడో వచ్చు.

పోచంపల్లి చీర కూడా అంతే. నేతకు ముందే నూలును కట్టలుగా బిగించి రంగుల్లో ముంచే చిటికి పద్ధతిలో నలుపలకల డైమండ్లు, మెట్లు, చదరాలు పుట్టుకొస్తాయి. రంగు అంచు కాస్త పక్కవాటులోకి జారినట్టుగా ఉండటమే దాని అందం. ఆ చీర మీది డిజైనుకు అర్థమేంటని ఏ పెళ్లిలోనూ చర్చ జరగదు. కట్టుకున్నవాళ్లకు బాగుందా లేదా అన్నదే లెక్క.

ముగ్గునీ చీరనీ చూసే కళ్లతోనే గోడ మీది బొమ్మను చూస్తే సగం చిక్కు విడిపోతుంది. మిగతా సగం, ఈ బొమ్మలు వేసినవాళ్లు ఎక్కణ్నుంచి బయల్దేరి ఎక్కడికి చేరారో తెలిస్తే విడిపోతుంది.

చెట్టు గీతయ్యింది!

గీతలూ చదరాల బొమ్మ అనగానే ముందుగా వినిపించే పేరు పీట్ మాండ్రియన్. 1872లో నెదర్లాండ్స్‌లో పుట్టారు. ఆయన ఒక్కసారిగా గీతలు గీయడం మొదలుపెట్టలేదు. మొదట్లో అందరిలాగే పొలాలు, చెట్లు, గాలిమరలు వేశారు. 1908 ప్రాంతంలో వేసిన ఎర్రచెట్టు చూస్తే చెట్టేనని పసిపిల్లలూ చెబుతారు. 1911లో వేసిన బూడిదరంగు చెట్టులో కొమ్మలు విల్లుల్లా వంగిన గీతలయ్యాయి. 1912 నాటి పూసిన ఆపిల్ చెట్టులో ఇక గీతలే మిగిలాయి. చెట్టును మాయం చేసి, చెట్టులోని అల్లికను మాత్రం ఉంచారన్నమాట. ఆ తర్వాత కొన్నేళ్లకు నిలువు, అడ్డం గీతలు, ఎరుపు-నీలం-పసుపు, తెలుపు-నలుపు-బూడిద... వీటితోనే ఆయన లోకమంతా!

1930లో ఆయన వేసిన 'కాంపొజిషన్ విత్ రెడ్, బ్లూ అండ్ యెల్లో' ప్రింట్లు ఇప్పటికీ ప్రపంచమంతా గోడల మీద కనిపిస్తాయి. కుడివైపు పైన చోటంతా ఆక్రమించిన ఎర్ర చదరం. ఎడమవైపు కింద చిన్న నీలం. కుడి మూలన అడుగున ఇంకా చిన్న పసుపు. తక్కెడలో ఓ పక్క గుమ్మడికాయ, ఇంకో పక్క తులం బంగారం పెట్టినా ముల్లు నిటారుగా నిలబడినట్టు ఉంటుందది. ఎరుపును పైనా కిందా సరిసమానంగా పంచేసి ఉంటే అది గళ్ల లుంగీ అయ్యేది. సమానం కానివాటి మధ్య తూకం కుదరడంలోనే కిటుకంతా ఉంది. 1965లో ఫ్యాషన్ డిజైనర్ ఈవ్ సాలోరాన్ ఈ గీతల్నే గౌన్ల మీదికి తెచ్చారు. అప్పట్నుంచీ అవి సంచుల మీదా, కప్పుల మీదా కూడా కనిపిస్తూనే ఉన్నాయి.

ఇంతకీ ఏది పైవైపు, ఏది కిందవైపు? ఈ ప్రశ్న అడగటానికి మొహమాటపడక్కర్లేదు. గొప్పగొప్ప మ్యూజియాలే తడబడ్డాయి. రంగు టేపులు అతికించి మాండ్రియన్ 1941లో తయారుచేసిన 'న్యూయార్క్ సిటీ 1' చిత్రాన్ని 1945లో మొదటిసారి ప్రదర్శించినప్పట్నుంచీ తలకిందులుగానే వేలాడదీస్తున్నారట! జర్మనీలో డ్యూసెల్‌డార్ఫ్ మ్యూజియం క్యురేటర్ 2022లో ఈ సంగతి బయటపెట్టారు. మాండ్రియన్ స్టూడియోలో తీసిన పాత ఫొటోలో గీతలు దగ్గరదగ్గరగా ఉన్న భాగం పైన ఉంది. మ్యూజియంలోనేమో కింద! పోనీ సరిచేద్దామంటే ఎండిపోయిన టేపులు ఊడిపోయే ప్రమాదం. అందుకని అలాగే ఉంచేశారు. కాబట్టి మీ బొమ్మను ఎటు తిప్పాలో సందేహం వస్తే సంతకమో, వెనకున్న చీటీయో చూసుకోవడం మేలు.

చుక్కే లోకం

మాండ్రియన్ చెట్టుతో మొదలెడితే, మనవాడు ఎస్.హెచ్.రజా చుక్క దగ్గరికి చేరారు. 1922లో మధ్యప్రదేశ్‌లోని మండ్లా జిల్లాలో పుట్టారాయన. తండ్రి అటవీశాఖ ఉద్యోగి. బళ్లో కుదురుగా కూర్చోని ఆ కుర్రాణ్ని పిలిచి, మాస్టారు గోడ మీద ఓ చుక్క పెట్టి దాన్నే చూస్తూ ఉండమన్నారట. 1950లో ఫ్రాన్స్ వెళ్లిన రజా అక్కడ ఊళ్లూ చర్చిలూ ప్రకృతి దృశ్యాలూ ఎన్నో వేశారు. పేరొచ్చింది. అయినా ఏదో వెలితి. చివరికి 1970ల ఆఖర్లో, 80ల్లో చిన్ననాటి చుక్కే 'బిందు'వై ఆయన కాన్వాసు మధ్యకు వచ్చి కూర్చుంది. చుట్టూ వృత్తాలు, చదరాలు, ఎదురెదురు త్రిభుజాలు. 2016లో కన్నుమూసేదాకా ఆ బిందువును వదల్లేదు. 1989లో వేసిన 'జెస్టేషన్' 2023లో ముంబయి వేలంలో 51.75 కోట్ల రూపాయలు పలికింది!

ఇలాంటి రూపం మన ఇళ్లలో పూజగదిలో ఎప్పట్నుంచో ఉంది. శ్రీచక్రంలో నాలుగు త్రిభుజాలు పైకి, ఐదు కిందికి చూస్తూ ఒకదాన్నొకటి కోసుకుంటే 43 చిన్న త్రిభుజాలు ఏర్పడతాయి. నడిమధ్యలో బిందువు. ఈ యంత్రాల రూపాల్ని ఆధునిక చిత్రకళలోకి తెచ్చినవాళ్లలో ఓ తెలుగువాడూ ఉన్నారు. 1915లో కరీంనగర్ జిల్లా అన్నారంలో పుట్టిన పాకాల తిరుమలరెడ్డి... అందరికీ పి.టి.రెడ్డిగా పరిచయం. బొంబాయి జేజే స్కూల్లో చదివి, హైదరాబాద్‌లో స్థిరపడి, త్రిభుజాలూ వృత్తాలూ నిండిన చిత్రాలెన్నో వేశారు. కాబట్టి 'ఇది మనది కాదులే' అనుకోవాల్సిన పనిలేదు.

చూపు పెట్టే తీరు

ఇక చూడటం. బొమ్మకు ఆరేడు అడుగుల దూరంలో కుర్చీ వేసుక్కూర్చోండి. ఏ వస్తువు దాగుందా అని వెతకొద్దు. మీ కన్ను ముందుగా ఎక్కడికి వెళ్లింది? అక్కణ్నుంచి ఎటు జారింది? మళ్లీ ఎక్కడ ఆగింది? ఈ మూడూ గమనిస్తే చాలు. తర్వాత ఓ కన్ను మూసి, చేతిని అడ్డుపెట్టి ఆ చిన్న నీలం ముక్కను కప్పేయండి. బొమ్మ ఒక పక్కకు ఒరిగిపోయినట్టు అనిపిస్తుంది. చెయ్యి తీయగానే మళ్లీ సర్దుకుంటుంది. 'ఇందులో ఏముంది?' అన్న తాతయ్యతో ఈ పని ఒక్కసారి చేయిస్తే చాలు... సగం సమాధానం ఆయనకే దొరుకుతుంది.

రంగుల సంగతి తెలియాలంటే పిల్లలతో ఓ చిన్న ప్రయోగం చేయించండి. ఒకే బూడిదరంగు కాగితంలోంచి రెండు చిన్న చదరాలు కత్తిరించి, ఒకటి నల్లటి అట్ట మీద, ఇంకోటి తెల్లటి అట్ట మీద పెట్టించండి. నలుపు మీదున్నది తేటగా, తెలుపు మీదున్నది ముదురుగా కనిపిస్తుంది. రెండూ ఒకటేనంటే నమ్మలేం! రంగు తనంతట తాను ఉండదు, పక్కనున్న రంగును బట్టి మారిపోతుంది. జోసెఫ్ ఆల్బర్స్ అనే చిత్రకారుడు జీవితంలో చివరి పాతికేళ్లు దీనికే ఇచ్చేశారు. 1950లో మొదలుపెట్టి 1976లో మరణించేదాకా చదరంలో చదరం, అందులో ఇంకో చదరం... ఇలా వెయ్యికి పైగా వేశారు. కొలతలు దాదాపు అవే. మారేవి రంగులే. ఒకటి మండుటెండలా ఉంటుంది, ఇంకోటి ముసురుపట్టిన సాయంత్రంలా.

ఈ సూత్రం కొనేటప్పుడూ పనికొస్తుంది. షాపులో తెల్లలైట్ల కింద మెరిసిన బొమ్మ ఇంట్లో లేత పచ్చ గోడ మీద వెలవెలబోవచ్చు. వీలైతే ఇంటికి తెచ్చి, పగలోసారి, రాత్రి లైట్లలో ఓసారి గోడకు ఆనించి చూసుకున్నాకే ఖాయం చేసుకోండి.

ప్రింటంటే చిన్నచూపా?

కోట్ల రూపాయల కాన్వాసు మధ్యతరగతి ఇంటికి రాదు. వచ్చేది ప్రింటే. ప్రింటంటే నకలేగా అని తీసిపారేయొద్దు. అందులోనూ రకాలున్నాయి.

పోస్టరు చవక. ఆఫ్‌సెట్ మీద వేలల్లో అచ్చవుతుంది. భూతద్దం పెట్టి చూస్తే పేపర్లో ఫొటోకు ఉన్నట్టే సన్నటి రంగు చుక్కలు కనిపిస్తాయి. ఇంక్‌జెట్ మీద మంచి కాగితంపై తీసేవి ఇంకో రకం. వీటిలో పిగ్మెంట్ ఇంకు వాడినవి మామూలు డై ఇంకు వాటికంటే ఎక్కువకాలం రంగు నిలుపుకుంటాయి. అడిగి తీసుకోవాలి.

మూడోది సెరిగ్రాఫ్. పేరు పెద్దదే గానీ పద్ధతి మనకు తెలిసిందే. శుభలేఖలు వేసే స్క్రీన్ ప్రింటింగే! బిగించిన సన్నటి వల గుడ్డ మీద ఒక్కో రంగుకు ఒక్కో స్క్రీను. రబ్బరు పట్టీతో రంగును కిందికి నొక్కుతారు. రంగు చుక్కలు చుక్కలుగా కాకుండా నిండుగా, ఒకే పొరలా పడుతుంది. గీత అంచు కోసినట్టు వస్తుంది. చదరాలూ వృత్తాల బొమ్మలకు ఇంతకన్నా ఏం కావాలి? అందుకే ఆల్బర్స్, రజా వంటివాళ్లు ఈ పద్ధతిలో ప్రింట్లు వేయించారు. కింద ఎడమవైపు పెన్సిలుతో 12/50 అని ఉంటే, మొత్తం యాభై వేశారు, ఇది పన్నెండోది అని అర్థం. కుడివైపు కళాకారుడి సంతకం ఉంటుంది. 'ఎ.పి.' అని ఉంటే కళాకారుడు తనకోసం ఉంచుకున్న ప్రతి.

అసలు ప్రింటునే ప్రపంచస్థాయి కళగా చూపించినవాళ్లలో ఓ తెలుగువాడి పేరు ముందుంటుంది. 1925లో చిత్తూరు దగ్గర నందనూరులో పుట్టిన కృష్ణారెడ్డి శాంతినికేతన్‌లో చదివి, పారిస్‌లోని 'అటెలియే 17' అచ్చుశాలకు చేరారు. ఒక్కో రంగుకు ఒక్కో పలక అక్కర్లేకుండా, రంగుల చిక్కదనంలో తేడా పెట్టి ఒకే పలక మీద పలు రంగుల్ని కలిసిపోకుండా అచ్చువేసే పద్ధతికి రూపమిచ్చినవాళ్లలో ఆయన ఒకరు. 1972లో పద్మశ్రీ వచ్చింది. 2018లో న్యూయార్క్‌లో మరణించారు.

ఇంకో మాట. మన చట్టం ప్రకారం కళాకారుడు పోయాక 60 ఏళ్లదాకా కాపీరైట్ ఉంటుంది. మాండ్రియన్ 1944లో పోయారు కనక ఆయన చిత్రాల ప్రింటు తీయించుకోవచ్చు. రజా బొమ్మలకు 2076 దాకా ఆ హక్కు ఉంటుంది. చవగ్గా దొరికిందని అనుమతిలేని కాపీ కొంటే అది సొంత కళాఖండం కాదు, దొంగసరుకే.

తాతగారి ఫొటో తీయొద్దు

ఎక్కడ పెట్టాలన్నది ఇంట్లో తగువులు తెచ్చే ప్రశ్న. హాల్లో మంచి గోడ ఒకటే ఉంటుంది. అక్కడ దేవుడి పటం, పెద్దల ఫొటోలు, పెళ్లి ఫొటో ఎప్పుడో స్థిరపడ్డాయి. 'తాతగారి ఫొటో తీసేసి ఈ గీతలు పెడతావా?' అని అమ్మ అడిగితే తప్పులేదు. తీయక్కర్లేదు కూడా. చోటు విలువ ఎంతో రష్యా చిత్రకారుడు మాలెవిచ్‌కు బాగా తెలుసు. 1915లో పెట్రోగ్రాడ్‌లో జరిగిన ప్రదర్శనలో తన 'నల్ల చదరం' చిత్రాన్ని గది మూలన, పైకప్పు దగ్గర వేలాడదీశారు. రష్యన్ల ఇళ్లలో దేవుడి పటం పెట్టే చోటది! చూసినవాళ్లు ఉలిక్కిపడ్డారు. ఆయన కోరిందీ అదే. మన ఇంట్లో అలా ఎవర్నీ ఉలిక్కిపాటుకు గురిచేయాల్సిన పనిలేదు. పెద్దల ఫొటోల మధ్య ఇరికిస్తే వాటికీ దీనికీ ఇద్దరికీ అన్యాయమే. భోజనాల బల్లకు ఎదురుగోడ, మెట్ల మలుపు, నడవా చివర, చదువుకునే గది... ఇవన్నీ మంచి చోట్లే. రోజూ కాసేపు కూర్చునో, నడుస్తూనో చూసే చోటైతే చాలు. చుట్టూ కనీసం జానెడు గోడ ఖాళీగా ఉండాలి. దగ్గరదగ్గరగా నలుపు-తెలుపు చారలున్న బొమ్మలు మాత్రం పడగ్గదిలో మంచానికి ఎదురుగా వద్దు. తలనొప్పి ఉన్నవాళ్లకు అలాంటివి ఇబ్బంది కలిగిస్తాయి.

ఎత్తుకూ లెక్కుంది. గ్యాలరీల్లో బొమ్మ నడిబొడ్డు నేల నుంచి 57-60 అంగుళాల ఎత్తులో ఉండేలా చూస్తారు. నిలబడినవాళ్ల కంటి ఎత్తది. మన హాల్లో కూర్చుని చూసేదే ఎక్కువ కాబట్టి ఇంకాస్త దించినా ఫర్వాలేదు. సోఫాకు పైనైతే ఆనుడు అంచుకు 6-10 అంగుళాల పైన ఫ్రేము మొదలైతే బాగుంటుంది. వెడల్పు సోఫాలో మూడింట రెండొంతులు ఉంటే ముచ్చట. అంత పెద్ద బొమ్మ లేకపోతే చిన్నదాన్ని చిన్న గోడకే ఇవ్వండి. పైన చెప్పిన మాండ్రియన్ చిత్రమే ఒకటిన్నర అడుగుల చదరం!

మేకు కొట్టేముందు బొమ్మ సైజుకు ఈ పేపర్నే కత్తిరించి గోడకు టేపుతో అంటించి, రెండ్రోజులు చూడండి. ఎక్కువో తక్కువో అదే చెబుతుంది. ఒక్క మేకుకు వేలాడదీస్తే ఫ్యాను గాలికి పక్కకు ఒరుగుతుంది. పూలబొమ్మ కాస్త ఒరిగినా చెల్లిపోతుంది గానీ గీతల బొమ్మ వెంట్రుకవాసి వంగినా కంట్లో నలుసే. రెండు హుక్కులు వేయించి, మేస్త్రీ వాడే రసమట్టం పెట్టి చూసుకోండి.

ఫ్రేములోనూ జాగ్రత్త కావాలి. మాండ్రియన్ చిత్రాలు కొన్నింట్లో నల్లగీత అంచుదాకా వెళ్లకుండా కొద్దిగా ముందే ఆగిపోతుంది. అది పొరపాటు కాదు, కావాలని చేసిందే. షాపువాళ్లు అంచును మౌంటు కిందికి తోసేస్తే ఆ ఖాళీ కాస్తా మాయం! అందుకే బొమ్మ నాలుగు అంచులూ కనిపించేలా చుట్టూ కాస్త కాగితం వదిలి మౌంటు కట్టమనండి. నగిషీల బంగారు ఫ్రేము వద్దు, సన్నటి నలుపో, తెలుపో, టేకు రంగో చాలు.

ఎండ తినేస్తుంది

కాగితానికి రెండు శత్రువులు... ఎండ, చెమ్మ. ఎండ పడ్డ ప్రింటులో రంగు మెల్లమెల్లగా పోతుంది. పోయిన రంగు ఏం చేసినా తిరిగి రాదు. మ్యూజియాల్లో కాగితం మీది చిత్రాలకు 50 లక్సులకు మించి వెలుగు పడనివ్వరు. ఇంట్లో అంత మసకలో బతకలేం గానీ, పడమటి ఎండ నేరుగా పడే గోడను మాత్రం వదిలేయండి. ఖరీదైన ప్రింటైతే అతినీలలోహిత కిరణాల్ని అడ్డుకునే అద్దమో యాక్రిలిక్ షీటో వేయించండి. వానాకాలం మన గోడల సంగతి తెలిసిందే. బాత్రూము గోడకు అవతలివైపు, పైనుంచి నీరు దిగే గోడకు అసలొద్దు. అద్దం నేరుగా కాగితానికి తగిలితే చెమ్మకు రెండూ అతుక్కుపోతాయి. మధ్యలో మౌంటు ఉండాల్సింది అందుకే. మౌంటు బోర్డు, వెనక అట్ట కూడా యాసిడ్ లేనివే అడగండి. మామూలు అట్ట కొన్నేళ్లకు కాగితాన్ని పసుపుపచ్చగా మార్చేస్తుంది. ఫ్రేము వెనక కింది మూలల్లో రెండు రబ్బరు బిళ్లలు అంటిస్తే గోడకూ ఫ్రేముకూ మధ్య గాలి ఆడుతుంది.

ఇవి గుర్తుంచుకోండి

* అద్దం మీద నేరుగా లిక్విడ్ చల్లొద్దు. మెత్తటి గుడ్డకు రాసి తుడవండి. అంచుల్లోంచి తడి లోపలికి దిగితే మరక ఖాయం.

* ప్రింటును సెలోటేపుతోనో గమ్ముతోనో అట్టకు అతికించొద్దు. పైన రెండుచోట్ల యాసిడ్ లేని కాగితపు పట్టీలతో వేలాడదీయమనండి.

* సంతకం, నంబరు ఉన్న అంచును కత్తిరించనివ్వొద్దు. రసీదు, సర్టిఫికెట్ దాచుకోండి.

* ఏడాదికోసారి, ముఖ్యంగా వానలు వెళ్లాక, ఫ్రేము దించి వెనకవైపు చూడండి. బూజు, వెండిపురుగుల జాడ ఉంటే ఫ్రేము విప్పించాల్సిందే.

* రెండు మూడు ప్రింట్లుంటే అన్నీ ఒకేసారి తగిలించొద్దు. నాలుగైదు నెలలకోసారి మార్చండి. కాగితానికి వెలుతురు నుంచి విశ్రాంతి దొరుకుతుంది. వాకిట్లో ముగ్గు మారినరోజున ఇంటికొచ్చినవాళ్లు ఓ క్షణం ఆగి చూసినట్టే, గోడ మీద బొమ్మ మారినరోజున ఇంట్లోవాళ్లూ ఆగి చూస్తారు!